మరీచి పక్కన ఒక సుడి



పెళ్లిలో పురోహితుడు కొత్త దంపతులకు అరుంధతీ నక్షత్రాన్ని చూపిస్తాడు. సప్తర్షుల తోకలో నడిమి చుక్క వసిష్ఠుడు. దాన్ని ఆనుకుని మిణుకుమనే చిన్న చుక్క అరుంధతి. చాలామంది చూపు అక్కడితో ఆగిపోతుంది. ఇంకొంచెం జరిగి తోక చివరికి వెళ్తే మరీచి కనిపిస్తుంది. ఆ మరీచి నుంచి తోక వంపు లోపలి వైపు, చేయి చాచి పట్టుకున్న రెండు వేళ్ల వెడల్పంత దూరంలో, ఉత్త కంటికి ఏమీ లేనట్టుండే చోట ఒక గెలాక్సీ ఉంది. జాబితాలో దాని పేరు ఎం51. సుడిగుండం గెలాక్సీ అని కూడా పిలుస్తారు. అక్కడ బయల్దేరిన వెలుగు మన దాకా రావడానికి దాదాపు 3 కోట్ల సంవత్సరాలు పడుతుంది.

ఆ వెలుగును జనగామ దగ్గర ఒక చెలకలోనో, మహబూబాబాద్ జిల్లాలో మిర్చి ఆరబోసిన కల్లం పక్కనో, భూపాలపల్లి అడవి అంచునో నిలబడి ఫోటోలో పట్టవచ్చు. దానికి పెద్ద వేధశాల అక్కర్లేదు, ఉద్యోగరీత్యా శాస్త్రవేత్త కానక్కర్లేదు. కావలసినవాటిలో మొదటిది, డబ్బు పెట్టినా దొరకనిది చీకటి. తెలంగాణలోని ఈ మూడు జిల్లాల్లోనూ అది ఇంకా మిగిలి ఉంది.

గెలాక్సీ ఫోటో మామూలు ఫోటో లాంటిది కాదు. మన కన్ను వచ్చిన వెలుగును సెకనులో చిన్న వంతుకు మించి దాచుకోదు, వెంటనే తుడిచేసి కొత్త బొమ్మకు సిద్ధమవుతుంది. కెమెరా సెన్సర్ అలా కాదు. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ పడ్డ కాంతి కణాలను కూడబెడుతుంది. సాయంత్రం తాటిచెట్టుకు కట్టిన లొట్టిలోకి రాత్రంతా చుక్క చుక్కగా కల్లు దిగినట్టు, గెలాక్సీ వెలుగు ఆ చిన్న చిప్పు మీదికి దిగుతుంది. తొందరపడి మధ్యలో దించితే అడుగున తడి తప్ప ఏమీ ఉండదు.

ఇలా వెలుగును కూడబెట్టడం మొదలై నూట అరవై ఏళ్లు దాటింది. ఆ కథలో మన అరుంధతి తొలి పేజీల్లోనే ఉంటుంది. 1857లో అమెరికాలోని హార్వర్డ్ వేధశాలలో జార్జ్ బాండ్ తడి గాజుపలక మీద ఫోటో తీసిన తొలి జంట నక్షత్రం వసిష్ఠుడే. ఆ పలక మీద అరుంధతి కూడా పడింది. గెలాక్సీల వంతు మరో ముప్పై ఏళ్లకు వచ్చింది. ఎం51ను 1773 అక్టోబరు 13న ఫ్రాన్స్‌లో చార్లెస్ మెస్సియే చూశాడు. ఆయన వెతుకులాట తోకచుక్కల కోసం. వాటిలా కనిపించి మోసం చేసే మసకల జాబితా ఒకటి రాసుకుంటూ ఉండేవాడు. అందులో ఇది 51వది. దానికి సుడి ఉందని తెలిసింది 1845లో. ఐర్లండ్‌లో లార్డ్ రాస్ ఆరడుగుల అద్దంతో కట్టిన టెలిస్కోపులోంచి చూసి, చూసింది చేత్తో గీశాడు. మనిషి ఒక గెలాక్సీలో సర్పిలాకారాన్ని గుర్తించడం అదే తొలిసారి. అప్పటికి అది గెలాక్సీ అని ఆయనకూ తెలియదు, ఎవరికీ తెలియదు.

1888 డిసెంబరులో ఐజాక్ రాబర్ట్స్ అనే ఆయన ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ దగ్గర తన సొంత టెలిస్కోపుకు పలక బిగించి, ఆండ్రోమెడా వైపు గంటలకొద్దీ తెరిచి ఉంచాడు. పలక కడిగి చూస్తే, అంతవరకు ఒట్టి మబ్బుతునకలా కనిపించిన ఆండ్రోమెడాలో చుట్లు చుట్లుగా చేతులు బయటపడ్డాయి. రాబర్ట్స్ వృత్తి భవన నిర్మాణం. ఆకాశం ఆయనకు ఇష్టం మాత్రమే. ఈ రోజు ఔత్సాహికులు చేసే పనికి పునాది వేసినవాళ్లలో ఒకడు మేస్త్రీల మధ్య తిరిగిన కాంట్రాక్టరు కావడం గుర్తుంచుకోవలసిన సంగతి.

మన నేల మీద కూడా ఈ పని ఔత్సాహికులతోనే మొదలైంది. 1840లో విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో వేధశాల పెట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణానికి జేమ్స్ టెన్నెంట్ అనే సైనికాధికారి గుంటూరులో కెమెరా బిగించిన టెలిస్కోపు నిలబెట్టి ఫోటోలు తీశాడు. అదే ఊళ్లో అదే రోజు ఫ్రాన్స్ నుంచి వచ్చిన శాస్త్రవేత్త జాన్సెన్ సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుగును విడదీసి చూశాడు.

జనగామకు దగ్గరి కథ హైదరాబాదుది. ఇంగ్లండ్‌లో చదువుకుని వచ్చిన నవాబు జఫర్ జంగ్ 1901లో పిసల్‌బండలోని తన ఎస్టేటులో 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపుతో వేధశాల పెట్టాడు. 1907లో ఆయన చనిపోయాక, మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని తర్వాత బేగంపేటకు మార్చింది. అదే నిజామియా వేధశాల. ప్రపంచంలోని వేధశాలలు ఆకాశమంతా పంచుకుని ఫోటో పటం తయారుచేస్తున్న రోజులవి. హైదరాబాదు తన వంతుగా ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీని తీసుకుంది. తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా దానికే వచ్చింది. 8 అంగుళాల కుక్ కెమెరా టెలిస్కోపుతో గాజుపలకల మీద ఫోటోలు తీసి, పలక మీది ప్రతి చుక్క చోటునూ కొలిచి, 12 సంపుటాలు అచ్చువేశారు. వాటిలో 7 లక్షలకు పైగా నక్షత్రాలున్నాయి. ఎక్కువ పని టి.పి. భాస్కరన్ డైరెక్టరుగా ఉన్న కాలంలో జరిగింది. కంప్యూటర్లు లేని రోజుల్లో ఇన్ని లక్షల కొలతలంటే మామూలు ఓపిక కాదు. ఈ పని గురించి తెలంగాణ బడి పిల్లలకు ఒక పాఠమైనా ఉండాలి.

ఆ దక్షిణ పట్టీలోనే, వైతరణి అని పిలిచే నదీ నక్షత్రమండలంలో ఎన్‌జీసీ 1232 అనే అందమైన సర్పిల గెలాక్సీ ఉంది. దాదాపు 6 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. డిసెంబరు రాత్రుల్లో జనగామ నుంచి చూస్తే అది దక్షిణాన 50 డిగ్రీల పైకి వస్తుంది. ఉత్తర ఐరోపా వాళ్లకు అది నేలకు దగ్గరగానే ఉండి మసకబారుతుంది. దక్షిణపు గెలాక్సీలను తీయడంలో మనకున్న మేలు ఇది.

నిజామియాలో సహాయకుడిగా పనిచేసిన ఒకాయన కొడుకు, చిన్నప్పటి నుంచి ఆ టెలిస్కోపుల నీడలో పెరిగి, నిజాం కాలేజీలో చదివి, 1949లో అమెరికాలో ఒక ఫోటో పలక మీద కొత్త తోకచుక్కను పట్టాడు. ఆయనే వైణు బప్పు. తోకచుక్కకు బప్పు, బాక్, న్యూకిర్క్ ముగ్గురి పేర్లూ పెట్టారు. ఆ తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం రంగాపూర్ దగ్గర 1968లో 48 అంగుళాల టెలిస్కోపు నిలిపింది. హైదరాబాదు దీపాల నుంచి తప్పించుకోవడానికే వేధశాల నగరం వదిలి దూరం వెళ్లవలసి వచ్చింది.

చీకటి దగ్గరికి మళ్లీ వద్దాం. ఆకాశం ఎంత చీకటిగా ఉందో కొలవడానికి ఖగోళశాస్త్రవేత్తలు వాడే ప్రమాణంలో అంకె పెరిగితే చీకటి పెరిగినట్టు. పెద్ద నగరం నడిబొడ్డున అది 18 చుట్టూ ఉంటుంది, మంచి అడవిలో 21.5 దాకా పోతుంది. ఈ మూడున్నర అంకెల తేడా అంటే నగర ఆకాశం అడవి ఆకాశం కంటే పాతిక రెట్లు వెలుగుతోందని. అడవిలో ఒక గంటలో వచ్చిన శుభ్రమైన బొమ్మ నగరంలో కావాలంటే పాతిక గంటలు తీయాలి. లక్షలు పోసి టెలిస్కోపు కొని నగరంలో మేడ మీద పెట్టినవాడి కంటే, చిన్న టెలిస్కోపుతో మహబూబాబాద్ జిల్లా గంగారం మండలానికి వెళ్లినవాడికే మంచి ఫోటో వస్తుంది. ఈ రంగంలో కొత్తగా దిగే పిల్లలకు ఎవరైనా ఒకే సలహా ఇవ్వదలిస్తే అది ఇదే కావాలి: ముందు ప్రయాణం ఖర్చు పెట్టండి, సామాను ఖర్చు తర్వాత.

2016 అక్టోబరు 11న ఎక్కువగా పాత వరంగల్ జిల్లా నుంచి విడివడి ఏర్పడ్డ ఈ మూడు జిల్లాల ఆకాశాలు మాత్రం ఒకేలా ఉండవు. జనగామ హైదరాబాద్ వరంగల్ జాతీయ రహదారి మీద ఉంది. పడమర నైరుతి వైపు హైదరాబాదు కాంతి గుమ్మటంలా లేస్తుంది, తూర్పు ఈశాన్యాన వరంగల్, హన్మకొండల వెలుగు కనిపిస్తుంది. అయితే ఎం51 వచ్చేది ఉత్తరాన. ఏప్రిల్ నడిమికల్లా అర్ధరాత్రి వేళ అది ఉత్తరాకాశంలో 60 డిగ్రీల ఎత్తున నిలబడుతుంది. కనుక హైవే వదిలి పాలకుర్తి, బమ్మెర, జఫర్‌గఢ్ వైపు లోపలికి వెళ్తే రెండు నగరాల నడుమ కూడా పని జరుగుతుంది. సోమనాథుడి పాలకుర్తిలోనూ పోతన బమ్మెరలోనూ గుట్ట ఎక్కితే దిగంతం చుట్టూ తెరుచుకుంటుంది. గుడి దీపాలకు దూరంగా, గుట్ట వెనక వైపు చోటు చూసుకోవాలి.

మహబూబాబాద్ పట్టణం రైలు మార్గం వెంట దీపాలు పరుచుకుని ఉంటుంది. దాని ఉత్తరాన గూడూరు దాటి కొత్తగూడ, గంగారం వైపు పోతే అడవి మొదలవుతుంది. ఎం51 నిలబడే దిక్కు కూడా అదే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ జిల్లాలో మిర్చి కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉంటాయి. ఆరబోసిన పంటకు కాపలాగా రైతులు అక్కడే పడుకుంటారు. సప్తర్షులు ఎప్పుడు లేస్తాయో, ఎప్పుడు పడమటికి వాలుతాయో వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పిల్లలకోడి, గొర్రుకొయ్యలు అనే చుక్కల గుంపులను చూసి రాత్రి ఎంత పొద్దుపోయిందో చెప్పగల పెద్దవాళ్లు తండాల్లో, గూడేల్లో ఇంకా ఉన్నారు. బయటి నుంచి కెమెరాతో వచ్చినవాళ్లు వాళ్ల పక్కన కాసేపు కూర్చోవాలి.

భూపాలపల్లిలో వెలుగు, చీకటి పక్కపక్కనే కాపురం చేస్తాయి. ఒకవైపు సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల ఫ్లడ్‌లైట్లు రాత్రంతా వెలుగుతాయి. చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం 1,100 మెగావాట్ల సామర్థ్యంతో ఉంది. మరోవైపు మహాదేవపూర్ దాటి పలిమెల దాకా గోదావరి వెంట అడవి ఉంది, ఏటికి అవతల మహారాష్ట్రలోని గడ్చిరోలి అడవులు. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు నుంచి ఉత్తరంగా చూస్తే చాలా దూరం దాకా పెద్ద నగరం లేదు. తెలంగాణలో మిగిలిన నల్లటి ఆకాశాల్లో ఇదొకటి.

ఇలాంటి చోటికి రాత్రి వెళ్లడంలో జాగ్రత్తలున్నాయి. అడవిలో ఎలుగుబంట్లుంటాయి, ఎండాకాలం రాత్రుల్లో పాములు తిరుగుతాయి. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. దానికి తోడు ఇంకొక చిక్కు. గణపురం కోటగుళ్ల లాంటి కాకతీయుల కట్టడాలున్న ప్రాంతంలో గుప్తనిధుల కోసం తవ్వే ముఠాల భయం ఊళ్లకు ఎప్పుడూ ఉంటుంది. అర్ధరాత్రి గొట్టాలు, పెట్టెలు, ఎర్రలైట్లతో కనిపించిన కొత్త మనిషిని ఊరు అనుమానించడంలో తప్పేమీ లేదు. సాయంత్రమే వెళ్లి సర్పంచితో మాట్లాడి, టెలిస్కోపు బిగించాక ముందు ఊరి పిల్లలకు చందమామనో గురుగ్రహాన్నో చూపించి, తర్వాత పనిలో కూర్చోవడం మంచి పద్ధతి. పిల్లలు వచ్చారంటే పెద్దలూ వస్తారు.

ఇక పని. భూమి తన చుట్టూ తాను తిరుగుతుండటంతో ఆకాశం కదులుతూ ఉంటుంది. టెలిస్కోపు కదలకుండా ఉంటే కొన్ని సెకన్లలోనే చుక్కలు గీతలవుతాయి. కనుక టెలిస్కోపును మోసే మౌంట్ ఆకాశంతో సమానంగా, భూమి తిరిగే దిశకు వ్యతిరేకంగా తిరగాలి. దాని ఇరుసు ధ్రువం వైపు గురిపెట్టి ఉండాలి. ఇక్కడే మన జిల్లాల కష్టం ఒకటుంది. ధ్రువనక్షత్రం ఎత్తు ఆ చోటు అక్షాంశమంత ఉంటుంది. లండన్‌లో అది 51 డిగ్రీల పైన నిలబడుతుంది. జనగామలో దాదాపు 18 డిగ్రీలే. ఒక చెట్టో, కొండో, వేసవి దుమ్మో చాలు దాన్ని కప్పెయ్యడానికి. పైగా కొన్ని మౌంట్లను ఇంత కిందికి వంచితే బరువు కట్టే కడ్డీ స్టాండ్ కాలికి తగులుతుంది. పడమటి దేశాల పుస్తకాల్లో ఈ సంగతి అంతగా కనిపించదు. కొనేటప్పుడే 18 డిగ్రీలకు వంగుతుందో లేదో అడిగి తెలుసుకోవాలి. ధ్రువనక్షత్రం కనబడకపోయినా పరవాలేదు. ఆకాశంలో మూడు చోట్ల ఫోటోలు తీసి ఇరుసు ఎంత పక్కకు ఉందో లెక్కగట్టే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఇప్పుడున్నాయి.

జనగామ, తొర్రూరు లాంటి పట్టణాల్లో పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ల దగ్గర మంచి కెమెరాలు, 70 నుంచి 200 మిల్లీమీటర్ల లెన్సులు ఉన్నాయి. ముహూర్తాలు లేని మూఢంలో అవి ఖాళీగానే ఉంటాయి. వాటికి ఒక చిన్న ట్రాకర్ జతచేస్తే ఆండ్రోమెడాను తీయవచ్చు. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఉన్నా అది ఆకాశంలో నిండు చంద్రుడికి ఆరింతల పొడవు పరుచుకుని ఉంటుంది. 200 లెన్సుతో సెన్సర్ మీద ఒక సెంటీమీటరు దాకా వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వానలు పోయి గాలి కడిగినట్టున్నప్పుడు, రాత్రి భోజనాల వేళకే అది పైకి వచ్చేస్తుంది. ఎం51 అలా దొరకదు. అది చంద్రుడిలో మూడో వంతు. 200 లెన్సుతో సెన్సర్ మీద అర మిల్లీమీటరు దాటి కాస్త ఉంటుంది, అంతే. సుడి బాగా కనబడాలంటే 500 నుంచి 1,000 మిల్లీమీటర్ల నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ఉన్న టెలిస్కోపు కావాలి. ఇటీవల మౌంటు, కెమెరా, కంప్యూటరు అన్నీ ఒకే డబ్బాలో పెట్టిన చిన్న స్మార్ట్ టెలిస్కోపులు వచ్చాయి. 50 మిల్లీమీటర్ల వెడల్పు గాజుతోనే అవి ఎం51 చేతుల ఆనవాలు చూపిస్తాయి. చదువుకునే పిల్లలకు అది మంచి మొదలు, పాఠశాల సైన్స్ గదికి ఒకటి ఉన్నా చాలు.

ఒకే ఫోటోను నాలుగు గంటలు తెరిచి ఉంచడం రాబర్ట్స్ కాలపు పద్ధతి. ఇప్పుడు రెండేసి నిమిషాల ఫ్రేములు నూట ఇరవై తీసి కలుపుతారు. విమానమో ఉపగ్రహమో అడ్డం పోతే ఆ ఫ్రేమ్‌లో పడ్డ గీతను సాఫ్ట్‌వేర్ తీసేస్తుంది. ఎన్ని ఫ్రేములు కలిపితే గరగర అంత తగ్గుతుంది, కానీ ఒకటికి ఒకటి లెక్కన కాదు. బొమ్మ రెండింతలు శుభ్రం కావాలంటే నాలుగింతల ఫ్రేములు కావాలి. మూడింతలకు తొమ్మిదింతలు. రెండో రాత్రి, మూడో రాత్రి మళ్లీ అదే గెలాక్సీ దగ్గరికి వెళ్లేవాళ్లు అందుకే వెళ్తారు.

ఎం51 కాలం ఎండాకాలం కావడం మన జిల్లాలకు ఒక పరీక్ష. వేడికి సెన్సర్ తనంతట తానే దొంగ చుక్కలు పుట్టిస్తుంది. ఆరేడు డిగ్రీలు పెరిగితే ఆ దొంగ వెలుగు రెట్టింపవుతుంది. డిసెంబరులో బాగా వచ్చిన కెమెరాయే ఏప్రిల్ చివర మొరాయించినట్టు అనిపిస్తుంది. చల్లబరిచే కెమెరాలు ఖరీదు, వాటికి బ్యాటరీ కూడా ఎక్కువ కావాలి. చేతిలో ఉన్న మందు ఒకటే. టెలిస్కోపు మూతపెట్టి, అదే వేడిలో, అదే నిడివితో కొన్ని నల్ల ఫ్రేములు తీసి, ఆ దొంగ చుక్కలను అసలు ఫోటోల్లోంచి తీసివేయాలి. తెల్లవారుజామున టెలిస్కోపు మూతికి ఉతికిన తెల్ల పంచె గుడ్డ బిగించి, ఆకాశం వైపు తిప్పి మరికొన్ని తీస్తారు. సెన్సర్ మీది దుమ్ము మచ్చలు, అంచుల చీకటి వాటితో సరిదిద్దుతారు.

పొగ సంగతి వేరు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ అడవుల్లో ఇప్పపూలు రాలుతాయి. పూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఎండుటాకులకు నిప్పు పెడతారు, అది ఒక్కోసారి పాకుతుంది. తర్వాత తునికాకు కాలం. ఆ రోజుల్లో సాయంత్రానికి అడవి మీద సన్నటి పొర తేలుతుంది, చుక్కలు ఎర్రబారతాయి. ఇప్పపూలు గూడేల బతుకు. దాన్ని తప్పుపట్టే హక్కు రెండు రాత్రులకు వచ్చిపోయే ఫోటోగ్రాఫరుకు లేదు. ఒక జల్లు పడిన మర్నాటి రాత్రి ఆకాశం ఎలా ఉంటుందో ఆ గూడెం వాళ్లనే అడిగితే చెబుతారు.

తీసిన ఫ్రేములన్నీ కలిపి, సిరిల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మెల్లగా వెలుగు పెంచుకుంటూ పోతే మొదట నల్లటి తెర, తర్వాత ఒక మసక, ఆ తర్వాత చేతులు వస్తాయి. రెండు పెద్ద చేతులు కేంద్రం చుట్టూ తిరిగి, ఒక చేయి చివర ఇంకొక చిన్న గెలాక్సీని ఆనుకుని ఉంటుంది. ఆ చిన్నది ఎన్‌జీసీ 5195. రెండింటి ఆకర్షణ ఒకదాన్నొకటి లాగడం వల్లే చేతులు అంత స్పష్టంగా ఏర్పడ్డాయని శాస్త్రవేత్తలు చెబుతారు. చేతుల లోపలి అంచున నల్లటి ధూళి చారలు, వాటి వెంట కొత్త నక్షత్రాలు పుట్టే చోట్ల గులాబీ బొట్లు. ఆ గులాబీ హైడ్రోజన్ వాయువుది. మామూలు కెమెరాల్లో ఉండే ఫిల్టర్ దాన్ని చాలావరకు అడ్డుకుంటుంది కాబట్టి పెళ్లి ఫోటోల కెమెరాతో తీసినప్పుడు బొట్లు తక్కువగా కనిపిస్తాయి.

విశ్వపు తొలి రోజుల నాటి సర్పిల గెలాక్సీలు ఔత్సాహికుల చేతికి అందవు. పుణేలోని జాతీయ రేడియో ఖగోళభౌతిక కేంద్రం పరిశోధకులు రాశి జైన్, యోగేశ్ వాడదేకర్ జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన చిత్రాల్లో, విశ్వం పుట్టిన దాదాపు 150 కోట్ల ఏళ్లకే చక్కగా చేతులు చుట్టుకున్న గెలాక్సీని గుర్తించి 2025లో ప్రకటించారు. హిమాలయ నది పేరిట దానికి అలకనంద అని పేరు పెట్టారు. అంత తొలి రోజుల్లో అంత తీరైన సుడి ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

దగ్గరి గెలాక్సీల్లో మాత్రం ఔత్సాహికులు చేయగలిగింది ఇంకా ఎంతో ఉంది. ఆండ్రోమెడా అంతగా ఫోటోలకెక్కిన గెలాక్సీ బహుశా ఇంకొకటి లేదు. అయినా ఫ్రాన్స్, జర్మనీలకు చెందిన ముగ్గురు ఔత్సాహికులు యాన్ సైంతీ, గ్జావియే స్ట్రాట్నెర్, మార్సెల్ డ్రెక్స్‌లర్ ఆక్సిజన్ వెలుగును మాత్రమే వదిలే ఫిల్టరుతో రాత్రుల తరబడి తీస్తే, దాని పక్కన అంతవరకు ఎవరి కంటా పడని పెద్ద వాయు చాపం బయటపడింది. 2023లో శాస్త్రవేత్తలతో కలిసి దాన్ని ప్రచురించారు. వాళ్లు వాడినవి ఇంట్లో పెట్టుకోగల టెలిస్కోపులే.

ఇదంతా చీకటి ఉన్నంతవరకే. ఆ చీకటి ఎంతకాలం ఉంటుందన్నది అసలు ప్రశ్న. 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, 2011 నుంచి 2022 దాకా ప్రపంచవ్యాప్తంగా సాధారణ ప్రజలు పంపిన 51 వేలకు పైగా పరిశీలనలను లెక్కగట్టి, రాత్రి ఆకాశపు వెలుగు ఏటా సగటున 9.6 శాతం పెరుగుతోందని తేల్చింది. బిడ్డ పుట్టినప్పుడు 250 చుక్కలు కనిపించిన చోట, ఆ బిడ్డకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి వందే మిగులుతాయి. నీలం పాలు ఎక్కువున్న తెల్లటి ఎల్ఈడీ వెలుగు గాలిలో ఎక్కువగా చెదురుతుంది, పైకి తిరిగిన దీపం చాలా వెలుగును ఆకాశానికే పారబోస్తుంది. ఊరికి వీధిదీపం కావాలి. ఆడవాళ్లు, పిల్లలు, రాత్రి షిఫ్టు గని కార్మికులు నడిచే దారి వెలగాలి. కావలసిందల్లా దీపానికి పైన మూత, కాస్త పసుపు రంగు, అవసరం లేని వేళ తగ్గించే స్విచ్చు. వీటికయ్యే ఖర్చు తక్కువ, కరెంటు కూడా మిగులుతుంది.

పక్క రాష్ట్రం ఈ పని మొదలుపెట్టింది. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యం 2024 జనవరిలో దేశంలోనే తొలి డార్క్ స్కై పార్కుగా గుర్తింపు పొందింది. అంతకుముందే 2022లో లద్దాఖ్‌లోని హాన్లే చుట్టూ చీకటి ఆకాశ రక్షిత ప్రాంతాన్ని ప్రకటించారు. అక్కడి ఊళ్లవాళ్లకు టెలిస్కోపులిచ్చి, శిక్షణ ఇచ్చి, వచ్చినవాళ్లకు ఆకాశం చూపించి సంపాదించుకునే దారి వేశారు. పలిమెల, మహాదేవపూర్, గంగారం గూడేల యువకులకు ఇదే దారి ఎందుకు వేయకూడదు? కాళేశ్వరానికి భక్తులు ఎలాగూ వస్తున్నారు. ఒక రాత్రి ఆగి చుక్కలు చూసే ఏర్పాటు ఉంటే కొందరైనా ఆగుతారు.

ఎం51ను తీసేవాళ్లు ఇంకొక సంగతి తెలుసుకోవాలి. ఆ సుడిలో నక్షత్రాలు తరచుగా పేలుతున్నాయి. 1994లో ఒకటి, 2005లో ఒకటి, 2011లో ఒకటి. ఈ మూడు సూపర్నోవాలనూ మొదట గుర్తించింది ఔత్సాహికులే. సప్తర్షుల తోక పక్కనే ఉన్న ఇంకొక సర్పిల గెలాక్సీ ఎం101లో 2023 మే 19న జపాన్‌కు చెందిన కొయిచి ఇతగాకి మరొకదాన్ని పట్టారు. అలాంటి పేలుడు బయటపడగానే శాస్త్రవేత్తలు ముందు రోజుల ఫోటోల కోసం వెతుకుతారు. నిన్న రాత్రి ఆ చోట ఏముంది, మొన్న ఏముంది అని. అప్పుడు పాలకుర్తి గుట్ట మీదో, గూడూరు కల్లం పక్కనో ఎవరో తీసి దాచిన ఒక ఫ్రేమ్‌కు విలువ వస్తుంది. భారతదేశంలో రాత్రి అయినప్పుడు అమెరికా టెలిస్కోపులు పగటి వెలుగులో ఉంటాయి. అయితే ఆ ఫ్రేమ్ మీద సమయం సరిగా ఉండాలి. కెమెరా గడియారాన్ని ముందే సరిచేసుకోవాలి, అసలు ఫైళ్లు చెరిపెయ్యకూడదు, మన సమయంలోంచి అయిదున్నర గంటలు తీసేసి ప్రపంచ సమయం రాయాలి. ఏప్రిల్ 13 తెల్లవారుజామున రెండున్నరకు తీసిన ఫ్రేమ్ మీద ఏప్రిల్ 12, 21 గంటలు అని ఉండాలి.